ఏడాది పాసులో నాలుగో ఫొటో

ఆ ఇంట్లో పోట్లాటలు కూడా గుసగుసల్లోనే జరుగుతాయి. గవర్రాజు నైట్ డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాడంటే, ప్రళయం వచ్చినా సరే వాకిట్లో చెప్పులు విప్పి, మెల్లగా లోపలికి రావలసిందే.

శుక్రవారం మధ్యాహ్నం వంటగదిలో ముగ్గురు ఆడవాళ్ళు ముఖాలు దగ్గరగా పెట్టుకుని అలాగే దెబ్బలాడుకుంటున్నారు. గవర్రాజు భార్య రోజారమణి స్టవ్ దగ్గర, తల్లి మంగాయమ్మ పీట మీద, ఏడో తరగతి కూతురు ధనశ్రీ గడపలో. పరీక్షలు అయిపోయాయని బడికి సెలవిచ్చారు గానీ, ఆ పిల్ల ముఖంలో సెలవు కళ లేదు.

పొద్దున్న డ్యూటీ దిగి వస్తూనే గవర్రాజు ఒకే ఒక్క మాట అన్నాడు. పాసు ముగ్గురికే తీసుకోండి, నన్నొదిలేయండి అని. అని, వెళ్ళి ముసుగు తన్నాడు. ఆ మాట పట్టుకుని వీళ్ళు అప్పటినుంచీ నలుగుతున్నారు.

పాసంటే సాగరకేళి పాసు. ఆనందపురం దాటాక కొత్తగా తెరిచిన ఆ పార్కు పేరు చెబితే ఇప్పుడు గాజువాకలో పసిపిల్లలు కూడా అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింటున్నారు. ఆకాశంలోకి ఎగరేసి దింపే బండ్లు, ఉత్తుత్తి సముద్రం, రంగుల గుర్రాలు. ఒక్కసారి పాసు తీసుకుంటే ఏడాది పొడవునా ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చు. జంక్షన్‌లో టెంటు వేసి తగ్గింపు ధరకి ఇస్తున్నారు, అదీ ఈ రాత్రి వరకే.

"నానైతే ముగ్గురికే తీసీమంటాను," అంది మంగాయమ్మ, గొంతు బాగా తగ్గించి. "ఆడు రానన్నాడు కదా. రాని మనిషికి పాసెందుకే?"

"నాన్న లేకపోతే నాకూ వద్దు," అని ధనశ్రీ.

"అయితే మానీండి. నాకేటి, ఇంటికాడ కూకుంటాను," అంది ముసలమ్మ. కానీ అలా అనడానికి ఆమెకి ప్రాణం ఒప్పడం లేదని ముఖమే చెబుతోంది. పోయిన నెల గవర్రాజు పనిచేసే మిల్లు వాళ్ళందరూ కుటుంబాలతో సాగరకేళికి పిక్నిక్ వెళ్ళినప్పుడు, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఉత్తుత్తి సముద్రంలోకి దిగిన మంగాయమ్మని బయటికి రప్పించడానికి ఇద్దరు గార్డులు కావలసి వచ్చారు. కశింకోట పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, నీళ్ళంటే పొలానికి పెట్టేవి అనుకున్న మనిషి, ఆ రోజు నుంచీ కలలో కూడా కెరటాలే అంటోంది.

ఆ పిక్నిక్‌లోనే ఇంకోటి జరిగింది. గవర్రాజు కూతురి పక్కన పెద్ద బండి ఎక్కాడు. బండి కొండంత ఎత్తు ఎక్కి తలకిందులుగా దిగుతుంటే "ఓలమ్మోవ్" అని పెట్టిన కేక కింద నిలబడ్డ రోజారమణికి వినిపించింది. దిగాక కూడా చాలాసేపు నవ్వుతూనే ఉన్నాడు. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా ఆయన గొంతు అంత పెద్దదని ఆమెకి ఆ రోజే తెలిసింది.

ఇంట్లో ఆయన గొంతూ వినపడదు, ఆయన ఉండగా ఎవరి గొంతూ వినపడదు. స్టీల్ ప్లాంటు మిల్లులో ఎనిమిది గంటలు చెవులు చిల్లులు పడే మోత. ఇంటికొచ్చాక నిద్ర పట్టాలంటే చీమ చిటుక్కుమనకూడదు. అందుకని కుక్కరు విజిల్ వెయ్యకుండా గిన్నెలో అన్నం వండుతారు. మిక్సీ వేసేది ఆయన డ్యూటీకి వెళ్ళాకే. కాలింగ్ బెల్లుకి ఎప్పుడో తీగ తీసేశారు. ధనశ్రీ నడక నేర్చుకున్నదే మునివేళ్ళ మీద.

గొడవ మాంచి వేడి మీద ఉండగా మంగాయమ్మ చేతిలోని స్టీలు గ్లాసు జారి గచ్చు మీద పడింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. గదిలో మంచం కిర్రుమంది. కాసేపటికి గురక మళ్ళీ మొదలైంది. గొడవా మళ్ళీ మొదలైంది.

"ముగ్గురూ కాదు, మానుకోడమూ కాదు," అంది రోజారమణి. "తీసుకుంటే నలుగురికీ తీసుకుంటాం."

ఆమె పంతం వెనక ఉన్న సంగతి ఆమె పైకి చెప్పలేదు. పాసులో ఫొటోలుంటాయి, ఎవరి ఫొటో కార్డు వాళ్ళ మెడలో వేలాడుతుంది. ముగ్గురి ఫొటోలతో పాసు వస్తే, ఈ ఇల్లు ముగ్గురిదేనని ఎవరో ముద్ర వేసి ఇచ్చినట్టు ఉంటుంది. ఆయన ఫొటో కూడా అందులో పడితే, రేపు రానని తప్పించుకోలేడు. ఆయన్ని ఇంటి మనిషిగా వెనక్కి లాక్కోవడానికి ఆమెకి దొరికిన ఒకే ఒక్క తాడు అది.

సాయంత్రం గవర్రాజు లేచాడు. రోజారమణి టీ తీసుకుని గదిలోకి వెళ్ళి, మంచం చివర కూర్చుంది. మామూలుగా గ్లాసిచ్చి వచ్చేస్తుంది. కూర్చుందంటే ఏదో ఉందని ఆయనకి అర్థమైంది.

"మీ పేరు కూడా రాయిద్దాం."

"నా పేరెందుకు? పాపకి బడి లేనప్పుడు నాకు డ్యూటీ, నాకు డ్యూటీ లేనప్పుడు పాపకి బడి. ఎల్లేదెప్పుడు?"

"ఏడాదిలో ఒక్క ఆదివారమైనా ఆఫు దొరకదేటి?"

గవర్రాజు టీ ఊదుకున్నాడు. అది అప్పటికే చల్లారిపోయి ఉంది.

"దొరకదు," అన్నాడు.

మిల్లులో ఆఫులు ఎప్పుడు ఎలా తిరుగుతాయో రోజారమణికి ఏనాడూ అంతుపట్టలేదు. ఒక వారం బుధవారం అంటాడు, ఇంకో వారం శుక్రవారం అంటాడు. ఆయన చెప్పిందే లెక్క. ఆ రాత ఎవరు రాస్తారో ఆ మహానుభావుడికి పిల్లలు లేరు కాబోలు అని తిట్టుకునేది, అంతే.

"నువ్వు, అమ్మ, పాప ఎల్లి రండి," అన్నాడు గవర్రాజు. "మీరు సరదాగా ఉంటే నాకు సాలు."

ఎంత మంచిగా అన్నాడో చూడండి. అంత మంచిగా అన్నందుకే రోజారమణికి ఒళ్ళు మండిపోయింది. అరిస్తే తిరిగి అరవొచ్చు. ఇలా నెమ్మదిగా పక్కకి తప్పుకునే మనిషిని ఎలా పట్టుకోవాలి? గ్లాసు తీసుకుని లేచి వచ్చేసింది.

బయటికొచ్చి ధనశ్రీకి జడ విప్పి గట్టిగా దువ్వింది. టెంటుకి వెళ్దాం పద అంది. ముందు ముగ్గురికి తీసుకుని, నాలుగో పేరు తరవాత ఎక్కించడానికి కుదురుతుందేమో అడుగుదాం అంది. అప్పటికీ ఆ పిల్ల మూతి ముడుచుకునే ఉంది. మంగాయమ్మ మాత్రం ఈ మాట వింటూనే కొత్త నేత చీర కట్టేసి, వీధి గుమ్మంలో నిలబడి, బేగి రండే అంటూ చేతులు ఊపింది. పిలిచేంత గొంతు ఆ గుమ్మం దాటాక గానీ రాదు మరి.

షేరింగ్ ఆటో దిగేసరికి జంక్షన్ జంక్షన్‌లా లేదు. టెంటుకి రంగు దీపాలు, లోపల డప్పులు, చేప వేషం వేసుకున్న మనిషొకడు పిల్లలందరికీ రెక్కలతో షేక్‌హ్యాండ్ ఇస్తున్నాడు. గోడంత టీవీలో ఆకాశబండి తలకిందులవుతోంది, అందులోని జనం అరుపులు స్పీకర్లలోంచి ఊరంతా వినిపిస్తున్నాయి. ధనశ్రీ మూతి ముడుపు ఆటో దిగిన చోటే జారిపోయింది. మునివేళ్ళ మీద నడిచే పిల్ల గెంతడం మొదలుపెట్టింది.

వరసలో నిలబడ్డవాళ్ళందరిదీ ఒకటే లెక్క. ఎన్నిసార్లు వెళ్తే కిట్టుబాటు? మూడుసార్లు వెళ్తే డబ్బులొచ్చేసినట్టే అని ఒకాయన, మొదటి నెలంతా వెళ్ళి తరవాత ఎవడు వెళ్తాడండీ అని ఇంకొకాయన. పోర్టులో పనిచేసే ఆయనొకడు, వెళ్ళినా వెళ్ళకపోయినా పాసుంటే పిల్లలు చెప్పిన మాట వింటారన్నాడు. మంగాయమ్మ అందరి మాటలూ విని తన తీర్పు తను చెప్పింది.

"ఏడాదంతా మనకోసం ఒక తలుపు తీసుంటాదంటే, ఎల్లకపోయినా బాగుంటాది నాయనా."

కౌంటర్ దగ్గర అమ్మాయి వాళ్ళ ఆశ మీద చల్లగా నీళ్ళు పోసింది. ఒకసారి ఫొటోలు దిగాక ఏడాదిపాటు పేర్లు చేర్చడం కుదరదట, తీసేయడం కుదరదట, డబ్బు వెనక్కివ్వడం అసలే కుదరదట. ముగ్గురైతే ముగ్గురే. ఆధార్ కార్డులు ఇమ్మంది.

రోజారమణి తనదీ కూతురిదీ తీసింది. మంగాయమ్మ సంచీ అంతా వెతికింది. చెంగు ముడి విప్పి చూసింది. ఆఖరికి నాలుక కరుచుకుంది.

"మర్సిపోనాను. తలగడ కింద ఉండిపోనాది. నీ మొగుడికి ఫోన్ సెయ్యి, తెస్తాడు."

ఆధార్ కార్డుని పట్టుచీరతో పాటు పెట్టెలో దాచుకునే మనిషి, తలగడ కింద ఎందుకు పెట్టింది? రోజారమణి అత్తగారి ముఖంలోకి చూసింది. అత్తగారు చేప వేషం వంక చూస్తోంది. రోజారమణికి నవ్వు ఆగలేదు. ఫోన్ చేసింది. వస్తన్నాను, పక్కన నిలబడండి అన్నాడు గవర్రాజు.

పక్కన నిలబడి ఉండగానే ఎవరో వెనకనుంచి భుజం మీద చెయ్యి వేశారు. ధనలక్ష్మి. గవర్రాజుతో పాటు మిల్లులోనే చేసే అప్పలసూరి భార్య. ఆమె కాళ్ళు నేల మీద ఆనడం లేదు. పక్కన ఒకటో తరగతి కూతురు హిమబిందు, ఆ పిల్ల మెడలో నీలం తాడు, తాడుకి పాసు, పాసులో పళ్ళూడిన నవ్వుతో ఫొటో. అప్పలసూరి పిల్లకి జిలేబీ కొనడానికి వెళ్ళాడట.

"వదినా, మీరూ వచ్చీసేరా? అన్నయ్య దయ వల్లే మాకు ఈ పాసు కిట్టుబాటయ్యింది."

"ఆయన దయేటి?"

"ఆదివారాలు వదినా. తనకి ఆదివారం ఆఫు పడినప్పుడల్లా మా ఆయనకి ఇచ్చీసి, మా ఆయన డ్యూటీ తను సేత్తన్నాడు కదా. రెండేళ్ళ బట్టీ. ఆ ఆదివారాలు సూసుకునే ఈ పాసు తీసుకున్నాం. ఎల్లుండీ మాకే ఇచ్చేడు. పాసుతో మొదటిసారి ఎల్లేది ఆ రోజే." అని, రోజారమణి ముఖంలోకి చూసింది. "నీకు తెల్దేటి?"

"తెలుసులే," అంది రోజారమణి.

ఆ ఒక్క మాటా అబద్ధం. అది తప్ప ఆమెకి ఇంకేమీ తెలియలేదు కాసేపు. డప్పులు మోగుతున్నాయి, దీపాలు తిరుగుతున్నాయి, ధనలక్ష్మి ఇంకా ఏదో చెబుతోంది. దొరకదు అన్నాడు. చల్లారిన టీ ఊదుకుంటూ దొరకదు అన్నాడు. దొరికినవన్నీ తీసుకెళ్ళి ఇంకో ఇంటికి పంచిపెట్టాడు. ఎంత మంచివాడండీ.

మనతో ఉండడం ఆయనకి ఇష్టం లేదా? ఆ ప్రశ్న లోపల లేచాక దాన్ని కూర్చోబెట్టడం ఆమె వల్ల కాలేదు.

గవర్రాజు బండి ఆపి, హెల్మెట్ చేత్తో పట్టుకుని, జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు. తల్లికి ఆధార్ కార్డు ఇచ్చాడు. చేప వేషం వాడు ఆయనకీ షేక్‌హ్యాండ్ ఇస్తే నవ్వాడు. ఆ నవ్వు అలా ఉండగానే రోజారమణి ఎదురుగా వెళ్ళి నిలబడి అడిగింది.

పెదవులు కదిలాయి గానీ ఆయనకి ఏమీ వినపడలేదు. పద్నాలుగేళ్ళ అలవాటు, ఇంత మోతలోనూ ఆమె గుసగుసగానే అడిగింది.

"ఏటి?" అని గవర్రాజు వంగాడు.

మళ్ళీ అడిగింది. చెవి దగ్గరికి తెచ్చాడు. వినబడతన్లేదు అన్నాడు.

"మన ఆదివారాలు ఎవరికిచ్చీసేరని అడుగుతన్నాను."

ఈసారి వరసలో సగం మందికి వినిపించింది. గవర్రాజు వెనక్కి ఒకడుగు వేశాడు. ధనలక్ష్మి వంక చూశాడు, ధనలక్ష్మి నేల వంక చూసింది.

ఆయనకి అబద్ధమాడడం చేతకాదు. ఇందాక ఆడిన ఒక్క అబద్ధానికే అలిసిపోయి ఉన్నాడు. చెప్పడానికి నోరు తెరిచాడు గానీ, ఆ మోతలో ఆయన కూడా గొంతు పెంచక తప్పలేదు.

"పాప ఒకరోజు ఫోన్లో ఎవలికో సెప్తాంది. ఈ ఆదివారం మా నాన్న ఇంట్లో ఉంటారు, మీరెవరూ ఆటలకి రావద్దు అని. నాను మెలకువగానే ఉన్నాను. ఆ గదిలో పడుకుంటే అన్నీ ఇనపడతాయి రోజా. నానుంటే ఇల్లు మూగదైపోతాది. నాను డ్యూటీకి ఎలిపోతే పాటలు ఎట్టుకుంటారు, పిల్లలొస్తారు, అమ్మ కూడా గట్టిగా మాటాడుకుంటాది. గుమ్మం దాటగానే ఈదిలోకి ఇనపడతాది, నాకు తెల్దేటి? అందుకే ఇచ్చీసేను."

రోజారమణికి కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. రెండేళ్ళుగా ఈ మనిషి వాళ్ళ అల్లరి కోసం తన సెలవులు వదులుకుంటున్నాడు, ఆ సంగతి వాళ్ళకి చెప్పనైనా చెప్పకుండా. ఇంత పిచ్చిపని ఈయన తప్ప ఇంకెవరూ చెయ్యరు. అయ్యో అనిపించింది. కొట్టాలనీ అనిపించింది.

ధనశ్రీ తండ్రి చొక్కా పట్టుకుని లాగింది. ఆ పిల్ల గుసగుసలాడలేదు.

"నిన్ను లేపకూడదని అలా అన్నాను నాన్నా. నువ్వొద్దని కాదు."

గవర్రాజు హెల్మెట్ చంకలో పెట్టుకుని కూతురి ఎత్తుకి వంగాడు.

"అక్కడైతే నువ్వూ అరుస్తావు, నేనూ అరుస్తాను. ఎవ్వరూ ష్ అనరు. అందుకే నేను పాసు అడిగింది," అంది ధనశ్రీ.

మంగాయమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుని, ఫొటోకి బేగి కూకోరా, కౌంటరు మూసీగల్రు అంది. రోజారమణి ఇంకేమీ ఆలోచించలేదు. గవర్రాజు జేబులోంచి ఆయన కార్డు కూడా తీసి, నలుగురివీ కలిపి కౌంటర్ మీద పెట్టింది. వెళ్తామో వెళ్ళమో, ఎన్నిసార్లు వెళ్తే కిట్టుబాటో, ఆ లెక్కలేవీ ఇప్పుడు ఆమెకి గుర్తు లేవు. లోపల్నించి సంతోషం పొంగుకొస్తోంది. నలుగురికి అంది, గట్టిగానే అంది.

అప్పుడు ముందుకొచ్చాడు అప్పలసూరి, చేతిలో జిలేబీ పొట్లంతో. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడి ఉన్నాడో, ఎంత విన్నాడో. ముఖం చూస్తే అంతా విన్నట్టే ఉంది.

"బావా, ఈ సంగతి నాకెప్పుడూ సెప్పలేదేటి?" అన్నాడు. తరవాత కూతురి మెడలోని పాసు వంక చూసి, కష్టంగా అడిగాడు. "మరి ఎల్లుండి ఎవలిది?"

గవర్రాజు నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి వచ్చే మాటేమిటో రోజారమణికి తెలుసు. ఇచ్చింది వెనక్కి తీసుకోవడం ఆ మనిషి పుట్టాక నేర్చుకోలేదు. నీదే బావా, ఉంచుకో అంటాడు. నవ్వుతూ అంటాడు. ఆ తరవాత వచ్చే ఆదివారమూ అలాగే అంటాడు.

"ఎల్లుండి మాది, అన్నయ్యా," అంది రోజారమణి.

సరిగ్గా అప్పుడే డప్పులవాళ్ళు ఒక దరువు ముగించి చేతులు దులుపుకుంటున్నారు. ఆ మాట టెంటంతా వినిపించింది. తన గొంతు అంత పెద్దదని ఆమెకీ అప్పుడే తెలిసింది.

అప్పలసూరి అలాగేనమ్మా అన్నట్టు తల ఊపాడు. ధనలక్ష్మి కూతుర్ని దగ్గరికి లాక్కుని, మెడలో తాడుకి వేలాడుతున్న పాసుని ఎవరి కంటా పడకుండా గౌను లోపలికి దోపింది. ఆ పిల్ల మళ్ళీ పైకి తీసుకుంది. ధనలక్ష్మి మళ్ళీ లోపలికి దోపింది.

ఫొటోలు మొదలయ్యాయి. మంగాయమ్మ పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. ధనశ్రీ నవ్వింది. రోజారమణి కూడా నవ్వింది. నాలుగో కుర్చీలో కూతురు చెయ్యి పట్టుకుని కూర్చోబెడితే గవర్రాజు కూర్చున్నాడు.

సార్, ఇటు చూడండి అంది కెమెరా అమ్మాయి. ఆయన అటే చూస్తున్నాడు, పాసుని మూడోసారి గౌనులోంచి పైకి తీసుకుంటున్న హిమబిందు వైపు. అమ్మాయి ఇంక ఆగలేక నొక్కేసింది.

ఏడాదంతా ఆయన మెడలో వేలాడాల్సిన ఫొటో అదే.